నీళ్లను కొలవని వాళ్లు బాతుల్ని కాపాడలేరు

2017 సెప్టెంబరు 26న కేంద్ర పర్యావరణ మంత్రిత్వ శాఖ చిత్తడి నేలల పరిరక్షణకు కొత్త నియమాలు ప్రకటించింది. ఏది చిత్తడి నేల అవుతుందో చెప్పే నిర్వచనంలోనే కొన్నిటిని బయటికి నెట్టింది. నదీ గర్భాలు కావు. వరిమళ్లు కావు. తాగునీటి కోసం మనుషులు కట్టిన చెరువులు కావు. సాగునీటి కోసం కట్టినవీ కావు. ఆ మాటలు రాసిన అధికారులు గుంతకల్లు జంక్షన్లో రైలు దిగి ఏ దిక్కుకైనా యాభై మైళ్లు తిరిగి ఉంటే తామేం చేశారో వాళ్లకే అర్థమయ్యేది. ఈ పీఠభూమి మీద చెప్పుకోదగ్గ సహజమైన సరస్సు లేదు. ఎక్కడైనా నీరు నిలిచి ఉందంటే అది మనిషి కట్టిన కట్ట వెనకే నిలిచి ఉంటుంది. అంటే ఆ ఒక్క వాక్యంతో అనంతపురం పీఠభూమి మొత్తం చిత్తడి నేలల పటంలో నుంచి చెరిగిపోయింది. చెరువు చెరిగిపోతే దాని మీద వాలే బాతూ చెరిగిపోయినట్టే. నేను దీన్ని పొరపాటు అనను. అప్పటికి ముప్పై ఐదేళ్ల కిందటే, 1982లో, మన దేశం రామ్‌సర్ ఒప్పందంలో చేరింది. చిత్తడి నేల సహజమైనదైనా మనుషులు చేసినదైనా ఒకటేనని ఆ ఒప్పందం మొదటి పేజీలోనే ఉంది. తెలిసి చేసిన పని ఇది.

అనంతపురంలో ఏడాదికి కురిసే సగటు వాన 550 మిల్లీమీటర్ల చుట్టూ ఉంటుంది. దేశంలో బాగా తక్కువ వాన పడే జిల్లాల్లో మనదొకటని బడిలో చదువుకున్నాం. నైరుతి మేఘం పడమటి కనుమలు దాటేసరికి ఖాళీ అవుతుంది. ఈశాన్యం తీరం నుంచి ఇంత లోపలికి వచ్చేసరికి బలం ఉడిగిపోతుంది. ఏడాదిలో పడే వానకు మూడింతలు ఆవిరి చేయగల ఎండ ఇక్కడ కాస్తుంది. ఇలాంటి చోట బతకడానికి పెద్దలు కనిపెట్టిన దారి ఒక్కటే: వంకకు అడ్డంగా కట్ట వేయడం. పద్నాలుగో శతాబ్దంలో బుక్కరాయల కాలంలో కట్టిన బుక్కరాయసముద్రం, అనంతసాగరం చెరువులతోనే అనంతపురం చరిత్ర మొదలవుతుంది. శింగనమల, ధర్మవరం, బుక్కపట్నం, కణేకల్ చెరువులన్నీ ఆ వరసలోవే. పక్కనే కడప జిల్లా పోరుమామిళ్లలో 1369 నాటి శాసనం ఉంది. వెయ్యిమంది కూలీలు, వంద బండ్లు రెండేళ్లు పనిచేసి కట్టిన చెరువు అది. మంచి చెరువుకు కావలసిన 12 అంగాలూ, ఉండకూడని 6 దోషాలూ ఆ రాతి మీద చెక్కి ఉన్నాయి. చెరువంటే ఏమిటో ఆరున్నర శతాబ్దాల కిందటే రాతిమీద నిర్వచించిన నేలకు, నీ చెరువు చిత్తడి నేల కాదని ఢిల్లీ నుంచి కాగితం వచ్చింది.

ఆ కట్టలు మనుషుల కోసమే కట్టారు, నిజమే. కానీ ఒకసారి నీరు నిలిచాక ఆకాశంలో పోయేవాటికి అది కనపడుతుంది. మంగోలియా, కజకిస్థాన్, సైబీరియా, టిబెట్ నుంచి దక్షిణానికి దిగే బాతులకు దక్కన్ పీఠభూమి చెరువులు శీతాకాలపు ఊళ్లయ్యాయి. మెడ సన్నగా, తోక సూదిలా పొడుచుకు వచ్చే సూదితోక బాతు. ముక్కు చివర వెడల్పుగా గరిటెలా ఉండే షావలర్. మిగతావాటికన్నా ముందొచ్చే చిన్న గార్గనీ. మన కావ్యాల్లో విరహానికి గుర్తుగా నిలిచిన జక్కవ. వీటన్నిటినీ మించి బార్ హెడెడ్ గూస్, తల వెనక రెండు నల్లని పట్టెలుండే పెద్ద బాతు. హిమాలయాల మీదుగా ఏడు వేల మీటర్లకు పైన ఎగిరినట్టు దాని ఒంటికి కట్టిన పరికరాలు చెప్పాయి. ప్రాణవాయువు పలచబడిన ఆ ఎత్తును దాటి వచ్చిన పక్షి మన పప్పుశనగ చేల పక్కన చెరువులో పగలంతా కునుకు తీస్తుంది, మునిమాపున మేతకు లేస్తుంది.

పత్రికలకు ఇవన్నీ ఒకే గుంపు, సైబీరియా పక్షులు. చిలమత్తూరు మండలం వీరాపురంలో చింతచెట్ల మీద గూళ్లు కట్టే రంగురంగుల కొంగల్నీ అదే పేరుతో రాస్తారు. ఆ కొంగలు సైబీరియా మొహం ఎన్నడూ చూడలేదు, అవి ఈ దేశపువే. దీన్ని చిన్న తప్పుగా కొట్టిపారేయడానికి వీల్లేదు. ఎక్కడి నుంచో వచ్చిన చుట్టం అనుకుంటే చావైనా బతుకైనా దాని ఖర్మ అనుకుంటాం. ఇక్కడే పుట్టి ఇక్కడే తిరిగేదని తెలిస్తే చెరువు ఎండినప్పుడు అది ఏం తిన్నదని అడుగుతాం. వీరాపురం కొంగలు చెట్ల కింద చచ్చి పడినప్పుడు ఆ ఊరివాళ్లు ఏడ్చారు, వాళ్లకది ఇంటి సంగతి. జిల్లాకు మాత్రం రెండు రోజుల వార్త.

ఇక లెక్కల సంగతికి వస్తాను. నా కోపమంతా అక్కడే ఉంది.

ఏటా జనవరిలో ఆసియా నీటిపక్షుల గణన జరుగుతుంది. 1987లో మొదలైంది. వెట్‌లాండ్స్ ఇంటర్నేషనల్, బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ కలిసి నడిపిస్తాయి. లెక్కపెట్టేవాళ్లు జీతగాళ్లు కారు. సొంత డబ్బుతో, సొంత దుర్భిణీతో తెల్లవారుజామున కట్ట మీద నిలబడే ఉపాధ్యాయులు, విద్యార్థులు, చిన్న ఉద్యోగులు. వాళ్లకు నేను చేతులెత్తి మొక్కుతాను. ఇలాంటివాళ్ల పుణ్యమా అని ఇంతైనా తెలిసింది. 2023లో వచ్చిన భారత పక్షుల స్థితి నివేదిక 30 వేల మంది పక్షి ప్రేమికులు నమోదు చేసిన 3 కోట్ల పరిశీలనల మీద నిలబడింది. దీర్ఘకాలపు ధోరణి తేల్చగలిగిన 338 జాతుల్లో 60 శాతం తగ్గిపోతున్నాయని చెప్పింది. బాగా దెబ్బతిన్న గుంపుల్లో వేటాడే పక్షులు, వలస వచ్చే తీరపక్షులు, బాతులు ఉన్నాయి. ప్రభుత్వ యంత్రాంగం చేయాల్సిన పనిని దేశంలో మామూలు మనుషులు చేసిపెట్టారు. మరి ఆ మాట విన్నాక ప్రభుత్వం ఏం చేసింది?

కరువు నేల మీద జనవరిలో ఒక్క ఉదయం పెట్టే లెక్క చాలదు. కృష్ణా డెల్టాలోనో కొల్లేటిలోనో ఏటా అంతో ఇంతో నీరుంటుంది కాబట్టి ఈ ఏటి అంకెను పోయినేటి అంకెతో పోల్చవచ్చు. మా దగ్గర అలా కుదరదు. అక్టోబరులో ఒక వాయుగుండం గట్టిగా పడితే ఈ ఏడు మరవ పారుతుంది, చెరువు సముద్రంలా ఉంటుంది, బాతులు వేలల్లో దిగుతాయి. మరుసటేడు అదే చెరువులో జనవరికి పశువులు మేస్తుంటాయి, బాతు ఒక్కటీ ఉండదు. కాగితం మీద వేల నుంచి సున్నాకు పడిపోయింది. అవి చచ్చాయా? పక్క మండలంలో తుంగభద్ర కాలువ నీరు చేరిన చెరువుకు పోయాయా? అసలు హిమాలయాలు దిగనే లేదా? మూడు సమాధానాలకూ మూడు వేర్వేరు మందులు. ఆ ఉదయం చెరువులో ఎన్ని అడుగుల నీరుందో, పది రోజుల కిందట ఎంత ఉండేదో, చుట్టుపక్కల ఏ ఏ చెరువుల్లో నీరు మిగిలిందో బాతుల అంకె పక్కనే రాసి ఉంటే తప్ప ఆ ప్రశ్న తేలదు. నీటి లెక్క ఒక శాఖది, పక్షుల లెక్క ఇంకొకరిది, చేపల వేలం మరొకరిది. మూడు కాగితాలు ఒక బల్ల మీదికి ఎన్నడూ రావు.

ఇది సాధ్యంకాని కోరిక కాదు. నీటి విషయంలో మా లాంటి నేలే ఉత్తర అమెరికాలో ఉంది. కెనడా నుంచి డకోటాల దాకా పరచుకున్న గడ్డిభూములు, వాటి నిండా లక్షల కొద్దీ లోతులేని గుంటలు. వాన పడితే నిండుతాయి, కరువొస్తే ఎండుతాయి. ఆ ఖండపు బాతుల్లో ఎక్కువ భాగం ఆ గుంటల్లోనే పిల్లల్ని చేస్తాయి. 1955 నుంచి ఏటా మే నెలలో చిన్న విమానాల్లో తక్కువ ఎత్తులో ఎగురుతూ బాతుల్ని లెక్కపెడుతున్నారు. కోవిడ్ కాలంలో రెండేళ్లు తప్ప ఆ పని ఆగలేదు. బాతుల్ని మాత్రమే కాదు, నీరున్న గుంటల్నీ లెక్కపెడతారు. అందుకే ఒక ఏడు బాతులు తగ్గితే అది కరువు వల్లనా మరో కారణమా అని వాళ్లు చెప్పగలరు. 2024లో ఆ సర్వే ప్రాంతంలో సుమారు 3 కోట్ల 40 లక్షల బాతులున్నాయని తేల్చారు. సూదితోక బాతు మాత్రం దీర్ఘకాలపు సగటులో సగం దగ్గరే ఆగిపోయిందని కూడా తేల్చారు. ఆ సూదితోక బాతు మన శింగనమల మీద వాలే జాతే. తమ దగ్గర అది సగమే మిగిలిందని వాళ్లకు తెలుసు. అదే జాతి మన పీఠభూమి మీద ముప్పావు వంతు మిగిలిందో పావు వంతు మిగిలిందో చెప్పగల కాగితం ఈ రాష్ట్రంలో ఏ కార్యాలయంలోనూ లేదు.

అమెరికాకు డబ్బుంది అంటారు. డబ్బు ఎక్కడి నుంచి పుట్టిందో కూడా చూడాలి. 1930ల్లో అక్కడ భయంకరమైన కరువు వచ్చింది, ధూళి తుపానులు ఊళ్లను కప్పేశాయి, బాతులు కుప్పకూలాయి. అప్పుడు, దేశం ఆకలితో ఉన్నప్పుడే, 1934లో బాతుల స్టాంపు తెచ్చారు. బాతుల్ని వేటాడాలంటే ఆ స్టాంపు కొనాలి, ఆ సొమ్ముతో గుంటలూ చిత్తడి నేలలూ కొని కాపాడాలి. మొదటి స్టాంపు బొమ్మ గీసింది జే డింగ్ డార్లింగ్ అనే పత్రికా కార్టూనిస్టు. ఈ తొంభై ఏళ్లలో ఆ స్టాంపు మీద వంద కోట్ల డాలర్లకు పైగా వచ్చింది. మనకు వేట వద్దు, వన్యప్రాణి చట్టం దాన్ని నిషేధించింది, అది మంచిదే. కానీ కరువు వచ్చిందని బాతుల్ని కాపాడే పని మానేయలేదు వాళ్లు. కరువు వచ్చింది కాబట్టే మొదలుపెట్టారు.

లెక్క ఎందుకు అని ఇంకా అడిగేవాళ్లకు రాబందుల కథ చెప్తాను. భరత్‌పూర్‌లో విభు ప్రకాశ్ అనే శాస్త్రవేత్త 1980ల్లో రాబందుల్ని లెక్కపెట్టి ఉంచాడు కాబట్టే, పదేళ్ల తర్వాత మళ్లీ లెక్కపెట్టినప్పుడు అవి మాయమైపోతున్న సంగతి దేశానికి తెలిసింది. కారణం పశువులకు వాడే డైక్లోఫెనాక్ మందు అని తేలి, 2006లో దాన్ని నిషేధించేసరికి కోట్లలో ఉన్న పక్షి వేలకు చేరింది. మొదటి లెక్క కూడా లేకపోతే ఆ కొన్ని వేలూ మిగిలేవి కావు. బోర్డు పెట్టినంత మాత్రాన పక్షి మిగలదు. కర్నూలు దగ్గర రోళ్లపాడులో బట్టమేక పక్షి కోసం అభయారణ్యం పెట్టాం. ఇవాళ అక్కడ ఆ పక్షి లేదు. బోర్డు ఉంది.

వాతావరణం మారుతున్న కొద్దీ ఈ లెక్క లేకపోవడం మరింత ప్రమాదమవుతుంది. ఐరోపాలో 1980ల నుంచి మూడు జాతుల బాతులు శీతాకాలానికి దక్షిణం వైపు పోవడం తగ్గించాయి. ఫిన్లాండు, స్వీడన్‌లలో చలి తగ్గి నీరు గడ్డకట్టకుండా ఉండటంతో అక్కడే ఆగిపోతున్నాయి. ఫ్రాన్సు, స్విట్జర్లాండ్‌లలో వాటి సంఖ్య పడిపోయింది. స్విట్జర్లాండు ఒక్కటే లెక్కపెట్టుకుని ఉంటే బాతులు చచ్చాయనుకునేది. దారి పొడవునా దేశాలన్నీ ఒకే సమయంలో లెక్కపెట్టడం వల్ల అవి చావలేదు, జరిగాయి అని తెలిసింది. మన బార్ హెడెడ్ గూస్‌లు కూడా టిబెట్‌లో లాసా చుట్టుపక్కల లోయల్లో, కోతలైన గోధుమ చేలల్లో పెద్ద సంఖ్యలో శీతాకాలం గడుపుతాయి. అక్కడ చలి తగ్గేకొద్దీ, గింజ దొరికేకొద్దీ ఎన్ని అక్కడే ఆగిపోతాయి, ఎన్ని దక్కన్ దాకా దిగుతాయి? ఇటు ఒక చివర, అటు ఒక చివర లెక్క ఉంటేనే చెప్పగలం. అటు చివర సంగతి మన చేతిలో లేదు. ఇటు చివర ఉంది. అది గుంతకల్లు, ఉరవకొండ, రాయదుర్గం, కణేకల్.

వాన కూడా మునుపటిలా పడటం లేదు. నెల రోజులు చుక్క లేకుండా ఎండగొట్టి, ఆపైన రెండు రాత్రుల్లో నెల వాన కుమ్మరిస్తోంది. కట్ట బలంగా లేని చెరువు ఆ రాత్రే తెగుతుంది. నిలిచిన చెరువు ఫిబ్రవరి ఎండకే అడుగంటుతుంది. బాతు తిరుగు ప్రయాణానికి కొవ్వు పట్టించుకోవాల్సిన నెలలు అవే, ఫిబ్రవరి, మార్చి. వచ్చేటప్పుడు నీరు చూసి దిగి, పోయేముందు ఆకలితో లేచే పక్షి హిమాలయం దాటుతుందా? జనవరి లెక్కలో అది ఆరోగ్యంగానే కనపడుతుంది. ఫిబ్రవరిలో దాన్ని చూసేవాళ్లు లేరు.

ఇప్పుడు అసలు ప్రశ్నకు వద్దాం. మనుషులకే నీళ్లు లేవు, బాతులకు నీళ్లా? ఈ ప్రశ్న నన్ను చాలామంది అడిగారు, అడిగినవాళ్లలో బోర్లు ఎండి అప్పులపాలైన రైతులు ఉన్నారు. వాళ్లకు ఆ హక్కుంది. ఆ ప్రశ్నను అడ్డం పెట్టుకుని పని ఎగ్గొట్టే అధికారికి లేదు. ఎందుకంటే బాతు అడిగే నీరు చెరువు మొత్తం కాదు. తల ముంచి, తోక పైకెత్తి మేసే బాతులకు జానెడు నుంచి మూరెడు లోతు చాలు. కట్టకు ఎదురుగా, చెరువు వాలులో, బురదా నీరూ కలిసే అంచు కావాలి. మార్చి చివరిదాకా ఆ అంచు తడిగా ఉండే చెరువు కింద బోరు బతుకుతుంది, పశువుకు నీళ్లుంటాయి, ఊరి బావి ఎండదు. ఆ ఒక్క అడుగు నీరు రైతు దగ్గర నుంచి లాక్కున్నది కాదు. రైతు భూమి అడుగున దాచుకునేది.

ఆ అంచును చంపింది కరువు కాదు, యంత్రాలు. గత పదేళ్లలో నీరు చెట్టు, అమృత్ సరోవర్ పథకాల పేరుతో ఎన్ని చెరువుల్లో పూడిక తీశారో చూడండి. పూడిక తీయడం మంచి పనే, మన తాతలు ఏటా వేసవిలో చేసిన పనే. వాళ్లు బండ్లతో పలచగా తీసి చేలకు తోలుకునేవాళ్లు, వాలు చెడకుండా ఉండేది. జేసీబీ వచ్చి మట్టి అమ్ముడుపోయే చోట నిలువు గుంటలు తవ్వింది. ఆ గుంటల్లో పశువులు పడి చచ్చాయి, ఈత రాని పిల్లలు మునిగారు. బాతుకు అందులో మేత అందదు. నీటి అంచున రాతి పరుపు వేసి నడకదారి కడితే అది చెరువు కాదు, తొట్టి. వాగుల నుంచి నీరు తెచ్చే వంకల్ని ఆక్రమణలకు వదిలేసి, లోపలంతా సర్కారు కంప మొలవనిచ్చి, మధ్యలో గుంట తవ్వి చెరువును బాగుచేశామని బిల్లు పెట్టడం దోపిడీ. ఆ మాట వాడటానికి నాకేమీ సంకోచం లేదు.

నీరు ఎప్పుడు ఏ చెరువుకు పోవాలో ఈ జిల్లాలో వాన ఒక్కటే నిర్ణయించడం లేదు. తుంగభద్ర ఎగువ కాలువ, మనం హెచ్చెల్సీ అని పిలుచుకునేది, ఆంధ్రకు కేటాయించిన 32.5 టీఎంసీల లెక్కతో ఇటు వస్తుంది. దాని గుంతకల్లు బ్రాంచి కాలువ మన పొలాల మీదుగానే పోతుంది. 2012లో హంద్రీనీవా పథకం శ్రీశైలం వెనక నీటిని ఎత్తిపోసి జీడిపల్లి జలాశయానికి చేర్చింది. అంటే ఇవాళ ఏ చెరువు జనవరిలో నిండుగా ఉండాలో చాలావరకు సాగునీటి సలహా మండలి సమావేశంలో తేలుతుంది. ఆ సమావేశంలో ఆయకట్టు ఉంది, తాగునీరు ఉంది, ఎమ్మెల్యేల పంచాయితీ ఉంది. పక్షి అన్న మాటే లేదు. తుంగభద్ర డ్యాం కట్టినప్పుడు 133 టీఎంసీలు పట్టేది, పూడికతో ఇప్పుడు 105 చిల్లరకు దిగింది. 2024 ఆగస్టు 10 రాత్రి 19వ గేటు కొట్టుకుపోయి ఎన్ని నీళ్లు కిందికి పోయాయో చూశాం. నీరు కొరత పడేకొద్దీ పంపకం పకడ్బందీగా ఉండాలి. ఏ చెరువులో మార్చి దాకా అడుగు నీరు ఉంచాలో ముందే రాసిపెట్టకపోతే కరువొచ్చిన ఏడు మొదట ఎండేవి ఆ చెరువులే.

రైతు పక్షాన ఇంకో మాట. గుంతకల్లు, విడపనకల్లు, ఉరవకొండ నల్లరేగడిలో పప్పుశనగ వేసే రైతు చేలో బార్ హెడెడ్ గూస్ గుంపు దిగితే మొలక మిగలదు. ఆ రైతుకు పరిహారం ఇవ్వకుండా పక్షిని ప్రేమించమని ఉపన్యాసం చెప్పడం అన్యాయం. పక్షి దేశానిది అయితే అది తిన్న శనగ కూడా దేశమే కట్టాలి. అడవి పందికి, ఏనుగుకు నష్టపరిహారం లెక్కలుంటాయి, బాతుకు ఎందుకుండవు? వజ్రకరూరు, ఉరవకొండ గాలిమరల నుంచి పోయే కరెంటు తీగలు చెరువుకూ చేనుకూ మధ్య మునిమాపున ఎగిరే గుంపుల దారిలో ఉన్నాయో లేదో చూసే బాధ్యత కంపెనీలకు అనుమతి ఇచ్చినవాళ్లది. గాలి కరెంటు వాతావరణాన్ని కాపాడుతుంది, దాన్ని నేను వద్దనను. తీగలకు పక్షులకు కనపడే గుర్తులు కట్టమంటున్నాను, అంతే.

ఇవన్నీ జరిగే పనులు కావని అనేవాళ్లు ఒకసారి సరిహద్దు దాటి చూడాలి. అదే తుంగభద్ర, అదే నేల, అవే చెరువులు. విజయనగర జిల్లాలో అంకసముద్ర అని ఒక ఊరి సాగునీటి చెరువు ఉంది, వంద హెక్టార్లకు కాస్త తక్కువ. కర్ణాటక దాన్ని పక్షుల సంరక్షణ కేంద్రంగా ప్రకటించింది. గదగ్ జిల్లా మాగడి కెరె ఇంకా చిన్నది, 50 హెక్టార్ల చుట్టూ. బార్ హెడెడ్ గూస్‌లు వేలల్లో దిగే చెరువు అది. 2024 మొదట్లో ఆ రెండూ రామ్‌సర్ జాబితాకెక్కాయి. రెండూ మనుషులు కట్టినవే. రామ్‌సర్ జాబితాకెక్కితే 2017 నియమాలు వాటికి వర్తిస్తాయి. ఆంధ్రప్రదేశ్ నుంచి ఆ జాబితాలో ఉన్నది 2002లో చేరిన కొల్లేరు. రాయలసీమ నుంచి ఒక్క చెరువు లేదు. అడ్డం వచ్చింది ప్రకృతి కాదు. అమరావతిలో సిద్ధం కాని కాగితాలు.

సుప్రీంకోర్టు అడుగుతూనే ఉంది. 2.25 హెక్టార్లు మించిన 2,01,503 చిత్తడి నేలల్ని కాపాడమని 2017లో ఆదేశించింది. ఉపగ్రహ చిత్రాలతో వేసిన కొత్త పటంలో ఆ సంఖ్య 2,31,195కు చేరింది. 2024 డిసెంబరులో ప్రతి రాష్ట్రమూ నేల మీదికి వెళ్లి సరిహద్దులు తేల్చమంది. ఉపగ్రహం చెరువును చూసినప్పుడు అది సాగునీటిదా తాగునీటిదా అని అడగదు. నీరు మెరిస్తే గుర్తిస్తుంది. అది గుర్తించినదాన్ని నియమాల నిర్వచనం తోసిపుచ్చుతోంది. 2020 ఫిబ్రవరిలో గాంధీనగర్‌లో వలస జీవుల ప్రపంచ సదస్సు జరిపి మధ్య ఆసియా వలస మార్గానికి మేం పెద్దన్నలమని ప్రకటించుకున్నాం. 2024లో సమర్‌ఖండ్‌లో 30 దేశాల ఆ మార్గానికి సమన్వయ కేంద్రం భారత్‌లో పెట్టడానికి ఒప్పించాం. ప్రపంచానికి ఇచ్చిన మాటను అనంతపురం చెరువు గట్టు మీద నిలబెట్టుకోలేని దేశం ఆ కుర్చీలో కూర్చోవడానికి అర్హత లేనిది.

నేను అడిగేవి పెద్ద ఖర్చులు కావు. రాష్ట్ర ప్రభుత్వం అనంతపురం, శ్రీ సత్యసాయి జిల్లాల చెరువుల్లో బాతులు వాలే వాటిని గుర్తించి వన్యప్రాణి చట్టం కింద సంరక్షణ కేంద్రాలుగానో సామాజిక సంరక్షణ కేంద్రాలుగానో ప్రకటించాలి. 2002 సవరణ నుంచి ఆ వీలు చట్టంలోనే ఉంది, ఊరివాళ్ల ఆయకట్టు హక్కులు అలాగే ఉంటాయి. ప్రతి చెరువు తూము మీద అడుగుల కొలబద్ద రంగుతో వేయాలి. నవంబరు, జనవరి, మార్చి మూడు నెలల్లో ఒకే వారంలో ఆ రెండు జిల్లాలూ బాతుల్నీ నీటినీ కలిపి లెక్కపెట్టాలి. చదివేది బడి పిల్లలు, చూపించేది ఊరి నీరుగంటి, రాసుకునేది అటవీ శాఖ. మదనపల్లె దగ్గర రిషి వ్యాలీ బడిలో పిల్లలకు పక్షుల అధ్యయనం నేర్పుతున్నారు. అది చేయగలిగిన నేలలో మిగతా బడులు చేయలేవా? పూడిక తీసేటప్పుడు కట్టకు ఎదుటి వాలును ముట్టుకోకూడదని పనుల అంచనా పత్రంలోనే రాయాలి. సాగునీటి సలహా మండలిలో అటవీ అధికారికి కుర్చీ వేయాలి, మార్చి దాకా ఉంచాల్సిన నీటిమట్టం ఆయన కాగితం మీద ఉండాలి. 2017 నిర్వచనాన్ని సవరించమని శాసనసభ తీర్మానం చేసి ఢిల్లీకి పంపాలి. చేపల వేలం ఫిబ్రవరిలో చెరువు ఖాళీ చేసేదిగా ఉండకూడదు.

ఈ పని ఎవరో చేస్తారని కూర్చోకండి. వచ్చే గ్రామసభలో మీ ఊరి చెరువు పేరెత్తండి, తూము మీద కొలబద్ద వేయమని తీర్మానం రాయించండి, ఆ తీర్మానం నకలు కలెక్టరు గారికి పంపండి. జనవరిలో లెక్కపెట్టేవాళ్లు మీ కట్ట మీదికి వస్తే వాళ్లతో నిలబడండి. రాకపోతే మీరే లెక్కపెట్టి, నీటి అడుగులతో సహా రాసి పంపండి.